ట్రేలో ఎంత మిగిలిందో చూసేదెవరు?

నర్సింగ్ చదువు మొదలైన కొత్తలోనే న్యూట్రిషన్ అనే సబ్జెక్టు వస్తుంది. అందరూ బట్టీ పట్టి పాసవుతారు, పరీక్ష అయిన కొన్నాళ్లకే మర్చిపోతారు. దీనికి విద్యార్థులను తప్పు పట్టాలని నాకు లేదు, ఎందుకంటే మనం ఆ సబ్జెక్టు చెప్పే పద్ధతే మర్చిపోయేలా ఉంది. విటమిన్ సి లేకపోతే స్కర్వీ, బి1 లేకపోతే బెరిబెరి, నియాసిన్ లేకపోతే పెల్లాగ్రా, గ్రాము పిండిపదార్థానికి నాలుగు కిలోక్యాలరీలు, గ్రాము కొవ్వుకి తొమ్మిది. ఇవన్నీ నిజాలే, తెలిసి ఉండాల్సినవే. కానీ ఇవన్నీ గడగడా అప్పజెప్పే అమ్మాయిని వార్డులో ఆపి, "నీ పేషెంట్ నిన్నటి నుంచి ఏం తిన్నారు, ఎంత తిన్నారు?" అని అడగండి. వెంటనే ఫైలు తెరుస్తుంది. ఫైల్లో "సాఫ్ట్ డైట్" అని ఉంటుంది. అది డాక్టరు రాసిన ఆర్డరు. పేషెంట్ కడుపులోకి వెళ్లిందేమిటో ఆ ఫైల్లో ఎక్కడా ఉండదు.

నర్సింగ్ విద్యార్థులకు పాఠాలు చెప్పేదాన్ని కాబట్టి, క్లాసులోనూ వార్డులోనూ వాళ్లను చూస్తూ వచ్చాను కాబట్టి ఈ మాట కొంచెం గట్టిగానే చెప్తాను. బీపీ ఎంతో, పల్స్ ఎంతో, యూరిన్ ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో చెప్పలేకపోతే సిగ్గుపడే విద్యార్థి, పేషెంట్ రెండు రోజులుగా సరిగ్గా తినడం లేదన్న సంగతి తెలియకపోతే సిగ్గుపడడు. అది తన పని కాదనుకుంటాడు. తిండి అంటే వంటగది వాళ్ల పని, ఇంటివాళ్ల పని, మహా అయితే డైటీషియన్ పని. నేను ఒప్పుకోనిది సరిగ్గా ఇక్కడే. డైటీషియన్ లెక్క కట్టి రాస్తారు, వంటవాళ్లు వండి పంపిస్తారు, డాక్టరు రౌండ్స్‌లో కొన్ని నిమిషాలు ఉండి వెళ్తారు. భోజనం ట్రే వచ్చినప్పుడూ వెళ్లేటప్పుడూ అక్కడే ఉండే వైద్య సిబ్బంది నర్సు ఒక్కరే. ఆవిడ చూడకపోతే ఇంకెవరూ చూడరు.

ముందు సెలైన్ సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే అన్ని అపోహలకూ మూలం అదే. పేషెంట్ ఏమీ తినడం లేదు అంటే "ఫర్వాలేదు, గ్లూకోజ్ ఎక్కుతోంది కదా" అనే మాట ఇంటివాళ్లు అంటే అర్థం చేసుకోవచ్చు, నర్సింగ్ విద్యార్థి అనకూడదు. లెక్క వేసి చూడండి. ఐదు శాతం డెక్స్ట్రోజ్ ఒక లీటరు బాటిల్‌లో ఉండేది 50 గ్రాముల గ్లూకోజ్. ఆ రూపంలో గ్రాముకి 3.4 కిలోక్యాలరీలే వస్తాయి, అంటే లీటరుకి 170. రోజుకి రెండు లీటర్లు ఎక్కించినా 340. జబ్బుపడ్డ మనిషికి మామూలుగా కిలో బరువుకి 25 నుంచి 30 కిలోక్యాలరీలు కావాలని లెక్క కడతాం, అంటే 60 కిలోల మనిషికి రోజుకి 1500 నుంచి 1800. రెండు బాటిళ్లు కలిపినా అందులో పావు వంతు కూడా రాలేదు. పైగా ఆ బాటిల్లో ప్రోటీన్ లేదు, కొవ్వు లేదు, విటమిన్లు లేవు. ఇక నార్మల్ సెలైన్ అయితే ఉప్పునీరే, దాంట్లో శక్తి సున్నా. డ్రిప్ ఒంట్లో నీటినీ లవణాలనూ నిలబెడుతుంది, ప్రాణం కాపాడుతుంది, దాని విలువను నేను తక్కువ చేయడం లేదు. కానీ అది భోజనం కాదు. ఈ లెక్కని మొదటి క్లాసులోనే బోర్డు మీద వేయించాలని నా కోరిక, విటమిన్ల పట్టిక తర్వాత చెప్పుకోవచ్చు.

మరి ఆ లోటు ఎక్కడి నుంచి భర్తీ అవుతుంది? ఒంట్లో నుంచే. జ్వరం, ఇన్ఫెక్షన్, ఆపరేషన్ వీటన్నిటిలో శరీరం కండను కరిగించుకుంటుంది, అదీ ఆరోగ్యంగా ఉన్నవాడు ఉపవాసం ఉన్నప్పటికంటే వేగంగా. కండ అంటే చేతులూ కాళ్లూ మాత్రమే కాదు. ఊపిరి పీల్చడానికీ దగ్గడానికీ కావాల్సింది కూడా కండే. దగ్గే బలం లేకపోతే కఫం బయటికి రాదు, కఫం నిలిస్తే న్యుమోనియా వస్తుంది. ఆపరేషన్ గాయం మానడానికి ప్రోటీన్ కావాలి, అది లేకపోతే కుట్లు తీసే రోజుకి కూడా గాయం పచ్చిగానే ఉంటుంది. నడుము కింద చర్మం ఎర్రబడి, మర్నాటికి పుండు పడిందంటే మనం వెంటనే పొజిషన్ మార్చలేదేమో అని వెతుకుతాం, అది వెతకాల్సిందే. కానీ ఆ పేషెంట్ వారం రోజులుగా ఏం తిన్నాడని అడిగేవాళ్లు తక్కువ. బెడ్‌సోర్ ఉన్నవాళ్లకి కిలో బరువుకి రోజుకి 1.25 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలని గైడ్‌లైన్లు చెప్తాయి, ఆరోగ్యవంతుడికి సరిపోయే 0.8 గ్రాములతో పోలిస్తే అది ఎంత ఎక్కువో చూడండి. గంటగంటకీ పక్కకి తిప్పుతూ, తినే విషయం వదిలేస్తే మన కష్టంలో సగం వృథానే.

ఇదేమీ నేను కొత్తగా కనిపెట్టింది కాదు. 1936లోనే హైరమ్ స్టడ్లీ అనే సర్జన్, కడుపులో అల్సర్లకి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లను గమనించి ఒక విషయం రాశారు. ఆపరేషన్‌కి ముందు తమ బరువులో 20 శాతం కంటే ఎక్కువ కోల్పోయినవాళ్లలో మూడోవంతు మంది చనిపోయారు, అంత తగ్గనివాళ్లలో చనిపోయింది సుమారు 3.5 శాతం. అప్పటికి యాంటీబయాటిక్స్ వాడకంలోకి రాలేదు, ఇప్పటి సర్జరీలతో ఆ అంకెలను పోల్చలేం, కానీ బరువు తగ్గిపోయిన మనిషిని ఆపరేషన్ టేబుల్ ఎక్కించడం ప్రమాదమన్న సంగతి మాత్రం అప్పుడే బయటపడింది. తర్వాత 1974లో చార్లెస్ బటర్‌వర్త్ అనే అమెరికా వైద్యుడు, ఆసుపత్రిలోనే పేషెంట్లు ఎలా చిక్కిపోతున్నారో చెప్తూ ఒక వ్యాసం రాశారు. ఆయన ఎత్తిచూపిన అలవాట్లు చదివితే ఒళ్లు జలదరిస్తుంది: ఎత్తూ బరువూ నమోదు చేయకపోవడం, సిబ్బంది షిఫ్టులు మారుతూ ఉండడం వల్ల బాధ్యత ఎవరిదో తేలకపోవడం, రోజుల తరబడి సెలైన్, గ్లూకోజ్ మీదే నెట్టుకురావడం, పేషెంట్ ఎంత తింటున్నాడో ఎవరూ చూడకపోవడం, పరీక్షల కోసం భోజనాలు ఆపేయడం. యాభై ఏళ్లు దాటింది. వీటిలో ఏ ఒక్కటైనా ఇప్పటి వార్డుల్లో కనపడదని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలరా?

1994లో స్కాట్లండ్‌లోని డండీలో ఆసుపత్రిలో చేరిన 500 మందిని పరిశీలిస్తే 200 మంది చేరేనాటికే పోషణ లోపంతో ఉన్నారు. ఆ 200 మందిలో సగానికి తక్కువ మంది ఫైళ్లలోనే తిండి గురించి ఏదైనా రాసి ఉంది. దీన్ని నేను డాక్టర్లను విమర్శించడానికి చెప్పడం లేదు, ఎందుకంటే అడ్మిషన్ కాగితాలు నింపేది చాలాచోట్ల నర్సులే.

ఇంకా వెనక్కి వెళ్తే ఫ్లారెన్స్ నైటింగేల్ కూడా ఈ మాటే చెప్పింది. మనం ఆమె ఫొటోకి దండ వేస్తాం, దీపం పట్టుకుని ప్రతిజ్ఞ చేస్తాం, కానీ 1860 ప్రాంతంలో ఆమె నర్సింగ్ గురించి రాసినప్పుడు తిండి మీద రెండు అధ్యాయాలు రాసిందని ఎంతమందికి తెలుసు? చుట్టూ ఆహారం ఉండి కూడా పేషెంట్లు పస్తులుంటున్నారని, కారణం వాళ్లు తినగలిగేలా చేసే శ్రద్ధ లేకపోవడమేనని ఆమె బాధ. ముట్టని భోజనాన్ని "తర్వాత తింటాడులే" అని మంచం పక్కన వదిలేస్తే, అది చూసి చూసి అతనికి అసలు తినబుద్ధే పోతుందని హెచ్చరించింది. ఇది అక్షరాలా నిజం. చల్లారిపోయి మీగడ కట్టిన గ్లాసుని రోజంతా కళ్ల ముందు పెట్టుకుంటే ఆరోగ్యవంతుడికే వికారం వస్తుంది.

"పేషెంట్ కోఆపరేట్ చేయడం లేదు, పెట్టినా తినడు" అనే మాట గురించి కూడా చెప్పాలి. డ్యూటీ మారేటప్పుడు పేషెంట్ల సంగతులు అప్పజెప్పే హ్యాండోవర్‌లో ఇది చాలా తేలిగ్గా దొర్లిపోతుంది. 1944, 45 సంవత్సరాల్లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ బృందం 36 మంది ఆరోగ్యవంతులైన యువకులతో, వాళ్ల ఇష్టంతోనే, ఒక ప్రయోగం చేసింది. దాదాపు ఆరు నెలలు సగం తిండితో ఉంచి బరువులో పావు వంతు తగ్గేలా చేశారు. వాళ్లకి ఒళ్లు మాత్రమే తగ్గలేదు. చిరాకు, దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, మనుషులకి దూరంగా ముడుచుకుపోవడం, ఇవన్నీ వచ్చాయి. ఏ మానసిక సమస్యా లేని కుర్రాళ్లే అలా అయితే, జబ్బుతో నెలల తరబడి చిక్కిపోయిన పెద్దాయన మనతో సరిగ్గా మాట్లాడకపోవడానికి అతని స్వభావమే కారణమని ఎలా తేల్చేస్తాం? ఆకలితో ఉన్న మెదడు అలాగే ప్రవర్తిస్తుంది.

ఒకసారి ఒక విద్యార్థిని ఇలాంటి పేషెంట్ గురించే నాతో చెప్పింది, ఏం పెట్టినా ఉమ్మేస్తున్నారని. నోరు తెరిపించి చూశావా అని అడిగాను. వెళ్లి టార్చి వేసి చూస్తే నాలుక మీదా బుగ్గల లోపలా తెల్లటి పూత, యాంటీబయాటిక్స్ వాడుతున్న పేషెంట్లలో తరచూ వచ్చే ఫంగస్. కట్టుడు పళ్లు పక్కనున్న సొరుగులో గుడ్డలో చుట్టి ఉన్నాయి. నోరంతా మంట, పళ్లు లేవు, ఇక ఆవిడ ఎలా తింటారు? డాక్టరుకి చెప్పి మందు రాయించింది, నోరు శుభ్రం చేసింది, పళ్లు పెట్టేదాకా మెత్తనివి ఇప్పించింది. కొన్ని రోజుల్లో ఆవిడ సగం ట్రే ఖాళీ చేయడం మొదలుపెట్టారు. ఆ అమ్మాయి చేసిన పనిలో విటమిన్ల పట్టిక అవసరం ఎక్కడా రాలేదు. కానీ నేను న్యూట్రిషన్ అనేది దాన్నే. మౌత్ కేర్‌ను ప్రాక్టికల్ రికార్డులో ఒక పేజీ నింపే ప్రొసీజర్‌గా కాక, భోజనానికి ముందు చేసే పనిగా చెప్పి ఉంటే ఈ సంగతి అడక్కుండానే తట్టేది.

ఇక ఖాళీ కడుపు ఆర్డర్లు. ఆపరేషన్‌కి ముందు అర్ధరాత్రి నుంచి ఏమీ ముట్టకూడదు అనే పాత అలవాటు ఇంకా చాలాచోట్ల ఉంది. దాని వెనక కారణం సరైనదే. మత్తులో ఉన్నప్పుడు కడుపులోది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ఎంత ప్రమాదమో 1946లో కర్టిస్ మెండెల్సన్ కాన్పు కేసుల్లో చూసి వివరించారు. కానీ 1999 నుంచి అమెరికా అనస్థీషియా నిపుణుల సంఘం గైడ్‌లైన్ ప్రకారం, ఇతర ఇబ్బందులు లేని పేషెంట్‌కి తేలికపాటి భోజనమైతే ఆరు గంటలు, మంచినీళ్ల లాంటి తేటగా ఉండే ద్రవాలైతే రెండు గంటలు ఆపితే చాలు. ఉదయం మొదటి కేసు అయితే అర్ధరాత్రి లెక్క ఎలాగో సరిపోతుంది, మధ్యాహ్నం చివరి కేసు అయితే ఆ మనిషి పన్నెండు, పధ్నాలుగు గంటలు నీళ్లు కూడా లేకుండా ఉంటాడు. ఆపైన కేసు వాయిదా పడితే? మర్నాడు మళ్లీ అదే తంతు. నోటితో ఏమీ ఇవ్వకూడదని చెప్పే ఎన్‌పీఓ బోర్డు తగిలించడం అందరికీ గుర్తుంటుంది, తీయడం ఎవరికీ గుర్తుండదు. స్కాన్ అయిపోయి పేషెంట్ మంచం మీదికి వచ్చాక కూడా బోర్డు అలాగే వేలాడుతుంటే, భోజనాల బండి అతన్ని దాటిపోతుంది. నర్సు సొంతంగా ఆర్డరు మార్చలేకపోవచ్చు, నిజమే. కానీ "కేసు వాయిదా పడింది, ఇప్పుడు తినిపించవచ్చా?" అని అనస్థీషియా డాక్టరుకి ఒక్క ఫోన్ చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. షుగర్ పేషెంట్ అయితే ఆ ఫోన్ ఇంకా ముందే వెళ్లాలి.

షుగర్ అన్నాను కాబట్టి ఇన్సులిన్. వేగంగా పనిచేసే ఇన్సులిన్ ఇచ్చిన పది పదిహేను నిమిషాల్లోనే పని మొదలుపెడుతుంది. మందుల టైము ప్రకారం ఇంజెక్షన్ ఇచ్చేశాం, ట్రే ముప్పావుగంట ఆలస్యంగా వచ్చింది, వచ్చాక పేషెంట్ రెండు ముద్దలు తిని పక్కన పెట్టేశాడు. ఇక్కడ మందూ సరైనదే, డోసూ సరైనదే, చార్టూ శుభ్రంగా ఉంది, పేషెంట్‌కి మాత్రం షుగర్ పడిపోయి చెమటలు పడుతున్నాయి. షుగర్ 70 కంటే తక్కువ ఉండి, మెలకువగా ఉండి మింగగలిగితే, 15 గ్రాముల వేగంగా అరిగే చక్కెర ఇచ్చి 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలని విద్యార్థులందరికీ తెలుసు. అది పరీక్షలో వస్తుంది. ట్రే చేతికి వచ్చిందో లేదో చూసి ఇంజెక్షన్ ఇవ్వడం మాత్రం పరీక్షలో రాదు.

తినిపించడం దగ్గర కొంచెంసేపు ఆగాలి, ఎందుకంటే చదువుకున్నవాళ్లు చేయక్కర్లేని చిల్లర పనిగా దీన్ని చూడడం నాకు బాధ కలిగిస్తుంది. స్ట్రోక్ వచ్చిన పేషెంట్‌కి మింగడం సరిగ్గా ఉందో లేదో పరీక్షించకుండా నోట్లో ఏమీ వేయకూడదు, మాత్ర కూడా. దగ్గు రాలేదు కదా అని ధైర్యపడడానికి లేదు, కొందరిలో ఏ చప్పుడూ లేకుండానే తిండి గాలిగొట్టంలోకి జారిపోతుంది. తాగాక గొంతు తడిగా, గరగరలాడినట్టు మారిందా? మింగాక కూడా బుగ్గలో ముద్ద మిగిలి ఉందా? మింగడానికి మామూలు కంటే ఎక్కువసేపు పడుతోందా? తిన్న కొన్ని గంటలకి జ్వరం వస్తోందా? ఇవి చూడడానికి యంత్రం అక్కర్లేదు, కళ్లూ చెవులూ కావాలి. మనిషిని నిటారుగా కూర్చోబెట్టాలి, గడ్డం కొద్దిగా కిందికి ఉండాలి, మనం నిలబడి పైనుంచి పెడితే అతను తల పైకెత్తాల్సి వస్తుంది కాబట్టి ఎదురుగా కూర్చోవాలి, చిన్న స్పూనుతో కొంచెం కొంచెంగా, ముందు ముద్ద మింగాకే తర్వాతది. పక్షవాతం వస్తే బలం ఉన్న వైపు నుంచి పెట్టాలి. అయ్యాక అరగంటపాటు పడుకోబెట్టకూడదు. ఎంత చిక్కగా ఉన్నది ఇవ్వాలో చెప్పడానికి ఇప్పుడు సున్నా నుంచి ఏడు దాకా అంతర్జాతీయంగా ఒకే కొలమానం ఉంది, సున్నా అంటే పలుచటి నీళ్లు, ఏడు అంటే మామూలు భోజనం. పేషెంట్‌కి ఎన్నో నంబరు రాశారో తెలియకుండా ఇంటివాళ్ల చేతికి గ్లాసు ఇవ్వడం మందు పేరు చదవకుండా ఇంజెక్షన్ ఇవ్వడం లాంటిదే.

ట్యూబ్ ఫీడింగ్ గురించి ఎక్కువ రాయను, ప్రొసీజర్ అందరికీ నేర్పుతారు. ఒక్క సంగతి. ముక్కులోంచి వేసిన గొట్టం కడుపులోనే ఉందో లేదో చూడడానికి సిరంజితో గాలి కొట్టి స్టెతస్కోపుతో వినే పద్ధతిని ఇంకా నేర్పిస్తున్నారు. అది నమ్మదగింది కాదు, గొట్టం ఊపిరితిత్తుల్లో ఉన్నా ఆ శబ్దం వినిపించవచ్చు. లోపలి ద్రవం తీసి పీహెచ్ (ఎంత ఆమ్లంగా ఉందో) చూడాలి, 5.5 లేదా అంతకంటే తక్కువ ఉండాలి, అనుమానం ఉంటే ఎక్స్‌రే తీయించాలి, అప్పటిదాకా ఫీడ్ మొదలుపెట్టకూడదు. ఫీడ్ ఇచ్చేటప్పుడు మంచం తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలి. పాత పద్ధతి సీనియర్లు నేర్పారని దాన్నే కొనసాగించడం గౌరవం కాదు.

అలాంటిదే ఇంకో పాత పాఠం, లివర్ తయారుచేసే ఆల్బుమిన్ అనే ప్రోటీన్ గురించి. రక్తంలో ఆల్బుమిన్ తగ్గితే పోషణ లోపం అని చాలా నోట్సుల్లో ఇప్పటికీ ఉంది. ఇన్ఫెక్షన్, వాపు, గాయం ఏది వచ్చినా లివర్ ఆల్బుమిన్ తయారీ తగ్గిస్తుంది, రక్తనాళాల నుంచి అది బయటికి జారిపోతుంది. అందుకే జబ్బు ఎంత తీవ్రంగా ఉందో చెప్పడానికి అది పనికొస్తుంది కానీ, మనిషి సరిగ్గా తిన్నాడా లేదా అని చెప్పదు. బాగా చిక్కిపోయిన మనిషిలో కూడా నార్మల్‌గా ఉండొచ్చు. రిపోర్టు చూసి నిశ్చింతగా ఉండే బదులు ఆ మనిషి భుజాలు, కణతలు, తొడలు చూడండి, బట్టలు వదులయ్యాయా అని అడగండి.

అడగడానికి పెద్ద శాస్త్రం కూడా అక్కర్లేదు. మస్ట్ అనే స్క్రీనింగ్ పద్ధతి 2003లో బ్రిటన్‌లో వచ్చింది, దాంట్లో చూసేవి మూడే. బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె) ఎంత, గత మూడు నుంచి ఆరు నెలల్లో అనుకోకుండా ఎంత శాతం బరువు తగ్గారు, జబ్బు తీవ్రత వల్ల ఐదు రోజులకి మించి ఏమీ తినలేదా లేదా తినలేకపోయే అవకాశం ఉందా. బీఎంఐ 18.5 కంటే తక్కువైతే రెండు మార్కులు, బరువు పది శాతం కంటే ఎక్కువ తగ్గితే రెండు, మూడోది అవునంటే రెండు, మధ్యలో ఉన్నవాటికి ఒకటి. మొత్తం రెండు దాటినా, రెండే వచ్చినా డైటీషియన్‌కి చెప్పాలి. లావుగా ఉన్నవాళ్ల దగ్గర ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే వంద కిలోల మనిషి మూడు నెలల్లో ఎనభై ఐదుకి వస్తే "తగ్గడం మంచిదే కదా" అనేస్తారు. ఆ తగ్గింది కండ కావచ్చు. అలాగే బరువు పెరిగితే సంతోషించకండి, ఒక లీటరు నీరు చేరితే ఒక కిలో పెరుగుతుంది, గుండె బలహీనంగా ఉన్న పేషెంట్ మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది తిండి ఒంటపట్టడం కాదు, నీరు చేరడం.

ఇంతసేపూ తినిపించమనే చెప్పాను, కానీ తొందరపడి తినిపించడం వల్ల ప్రాణం పోయే సందర్భం కూడా ఉంది, దాని గురించి తెలియకుండా ఏ విద్యార్థీ వార్డులోకి రాకూడదు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆకలితో అలమటించి బయటపడిన ఖైదీల్లో కొందరు, తిండి దొరికాక చనిపోయారు. చాలాకాలం తినని శరీరం కొవ్వు మీద నడుస్తుంటుంది, ఇన్సులిన్ బాగా తక్కువగా ఉంటుంది. ఒక్కసారిగా పిండిపదార్థం లోపలికి వెళ్లేసరికి ఇన్సులిన్ ఎగసి, రక్తంలో ఉన్న కొద్దిపాటి ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి లాక్కుపోతుంది. అప్పుడు గుండె లయ తప్పుతుంది, ఊపిరి కండరాలు పడిపోతాయి, ఉన్న కాస్త థయమిన్ (విటమిన్ బి1) కూడా ఖర్చయి మనిషి గందరగోళంలో పడతాడు. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటాం. పది రోజులకి మించి దాదాపు ఏమీ తినకపోయినా, బీఎంఐ 16 కంటే తక్కువ ఉన్నా, బరువు 15 శాతం కంటే ఎక్కువ తగ్గినా, ఆ లవణాలు ముందే తక్కువ ఉన్నా ఆ ప్రమాదం ఎక్కువని బ్రిటన్ గైడ్‌లైన్ చెప్తుంది. అలాంటివాళ్లకి థయమిన్ ముందు ఇచ్చి, కిలోకి రోజుకి 10 కిలోక్యాలరీలకు మించకుండా మొదలుపెట్టి, రక్తపరీక్షలు చూసుకుంటూ నెమ్మదిగా పెంచాలి. బెరిబెరికి కారణం బి1 అని బట్టీ పట్టిన అమ్మాయికి, ఆ బి1 వార్డులో పనికొచ్చేది ఇక్కడ అని ఎవరూ చెప్పకపోతే ఆ బట్టీ ఎందుకు? ఇదంతా ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంది: "మీరు చివరిసారి సరిగ్గా తిని ఎన్ని రోజులైంది?" అడ్మిషన్‌లో ఆ ప్రశ్న అడగకపోతే ప్రమాదం ఉందని డాక్టరుకి తెలిసే దారే లేదు.

నర్సులకి టైమ్ ఎక్కడుంది అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఒక పేషెంట్‌కి జాగ్రత్తగా తినిపించాలంటే అరగంట పడుతుంది, అలాంటివాళ్లు నలుగురుంటే రెండు గంటలు, ఆ రెండు గంటలు ఏ షిఫ్టులోనూ లేవు. సిబ్బందిని పెంచకుండా ఈ భారమంతా నర్సు మనస్సాక్షి మీద వేయడం అన్యాయం, ఆ మాట యాజమాన్యాలకి గట్టిగా చెప్పాల్సిందే. కానీ నేను అడుగుతున్నది నర్సే స్పూను పట్టుకోవాలని కాదు. ఇంటివాళ్లు పెట్టొచ్చు, సహాయకులు పెట్టొచ్చు. ఎవరికి సాయం కావాలి, ఎవరు మింగగలరు, ఎలా కూర్చోబెట్టాలి అని తేల్చడం, పెట్టేవాళ్లకి చూపించడం, చివర్లో ఎంత లోపలికి వెళ్లిందో రాయడం, ఇవి నర్సువి. బ్రిటన్‌లో సాయం కావాల్సిన పేషెంట్లకి ఎర్ర ట్రేలో భోజనం పంపే పద్ధతి పెట్టారు, ఎర్ర ట్రే నిండుగా ఉంటే నర్సుకి చెప్పకుండా ఎవరూ తీసుకుపోరు. ఒక రంగు మార్చడానికి పెద్దగా ఖర్చేమీ కాదు. భోజనాల వేళ అత్యవసరం కాని రౌండ్స్, రక్తం తీయడం, డ్రెస్సింగ్‌లు ఆపడం కూడా అలాంటిదే.

శ్రమకి ఫలితం ఉంటుందా అంటే, 2019లో స్విట్జర్లాండ్‌లోని ఎనిమిది ఆసుపత్రుల్లో రెండు వేలకి పైగా పేషెంట్ల మీద చేసిన పెద్ద అధ్యయనం ఉంది. పోషణ లోపం ప్రమాదం ఉన్నవాళ్లలో సగం మందికి వాళ్ల వాళ్ల అవసరాన్ని బట్టి ఆహార లక్ష్యం పెట్టి, అది అందేలా చూశారు, మిగతావాళ్లకి మామూలు ఆసుపత్రి భోజనం. నెల రోజుల్లో చనిపోయినవాళ్లు మొదటి గుంపులో 7 శాతం, రెండో గుంపులో 10 శాతం. ఏదైనా కొత్త మందు ఈ ఫలితం చూపిస్తే మనం దాన్ని వార్డు ఫ్రిజ్‌లో తాళం వేసి దాచుకుంటాం.

అందుకే టీచర్లకి నా అభ్యర్థన ఇది. పట్టికలు తీసేయమనను, వాటికి పెట్టే సమయంలో కొంత వార్డుకి మళ్లించండి. ప్రతి విద్యార్థికీ ఒక పేషెంట్‌ని ఇచ్చి మూడు రోజులు వరసగా వాళ్ల ప్రతి ట్రేనీ చూడమనండి. అంతా, ముప్పావు, సగం, పావు, ఏమీ లేదు అని రాయాలి, మిగిలిస్తే ఎందుకు మిగిలిందో పేషెంట్‌నే అడిగి రాయాలి: నొప్పా, వికారమా, పళ్లు లేవా, మూత తీయలేకపోయారా, ఆ సమయంలో స్కాన్‌కి తీసుకెళ్లారా, ట్రే చేతికి అందనంత దూరంలో పెట్టారా. తర్వాత వాళ్లే లెక్క కట్టాలి, కావాల్సిన ప్రోటీన్ ఎంత, అందింది ఎంత అని. కిడ్నీ పేషెంట్ దొరికితే ఇంకా మంచిది, డయాలసిస్‌కి ముందు ప్రోటీన్ తగ్గించి, డయాలసిస్ మొదలయ్యాక కిలోకి 1 నుంచి 1.2 గ్రాముల దాకా ఎందుకు పెంచుతారో పుస్తకం లేకుండానే అర్థమవుతుంది, ఎందుకంటే డయాలసిస్‌లోనే కొంత ప్రోటీన్ పోతుంది.

ఇక విద్యార్థులకి, మీ టీచర్లు ఇవేవీ చేయించకపోయినా మీరు రేపటి డ్యూటీలో మొదలుపెట్టగలిగేది ఒకటుంది. హ్యాండోవర్‌లో బీపీ, పల్స్ లాంటి వైటల్స్ చెప్పాక, యూరిన్ చెప్పాక, "పొద్దున సగం తిన్నారు, మధ్యాహ్నం ముట్టలేదు, వికారంగా ఉందన్నారు, డాక్టరుకి చెప్పాను" అని ఆ ఒక్క వాక్యం చేర్చండి. మొదట్లో సీనియర్లు వింతగా చూడొచ్చు. కొన్నాళ్లకి మీరు చెప్పకపోతే వాళ్లే అడుగుతారు.